ఇంటి చెత్తకు రెండు పాత్రలు: కంపోస్టు డ్రమ్ము, ఎర్రల తొట్టి ఎలా చేసుకోవాలి?

ఎర్రలు (వానపాములు) చచ్చిపోయాయని నాకు ఫోను చేసేవాళ్లు చెప్పే మాట దాదాపు ఒకటే. "తొట్టిలో చెత్త వేశాం, నీళ్లు చల్లాం, ఎర్రల్ని వదిలాం, రెండోరోజుకే కంపు కొట్టింది." ఆ మూడు పనులూ ఒకే తొట్టిలో, ఒకే రోజు చేయడమే తప్పు. కూరగాయల తొక్కలు కుళ్ళేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడిని ఎర్ర తట్టుకోలేదు. చెత్త కుళ్ళడం ఒక దశ, కుళ్ళిన దాన్ని ఎర్ర తినడం మరో దశ. ఈ రెండింటికీ రెండు పాత్రలు ఉండాలి. మొదట డ్రమ్ములో సగం చివకాలి, ఆ తర్వాతే ఎర్రల తొట్టిలోకి పోవాలి. కావలిలో మా పెరట్లో పన్నెండేళ్లుగా ఇదే పద్ధతి నడుస్తోంది. ఒకే తొట్టిలో అన్నీ అయిపోవాలనుకునేవాళ్లు ఎర్రల్ని కొనకుండా కంపోస్టుతో సరిపెట్టుకోవడం మంచిది. వాటి ప్రాణమైనా దక్కుతుంది.

కావలసినవి

మూత ఉన్న అరవై లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు. ఎర్రలకు రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగు లోతు ఉన్న తొట్టి ఒకటి. రెండు గోనె సంచులు, నాలుగు ఇటుకలు, తొట్టికి నాలుగు చెక్క కాళ్లు, నాలుగు కొబ్బరి చిప్పలు, దోమతెర ముక్క, తిరగేయడానికి గట్టి కర్ర. డ్రమ్ము చుట్టూ జానెడుకొకటి చొప్పున, అడుగున పది పన్నెండు, చిటికెనవేలు పట్టేంత రంధ్రాలు చేయండి. తొట్టికి అడుగున మాత్రం చిన్న రంధ్రాలు చేసి, లోపలివైపు దోమతెర పరవండి. ఇంతే. అరపూట పని.

మట్టికుండలు ఒకదానిపై ఒకటి పేర్చే పద్ధతి చూడటానికి అందంగా ఉంటుంది. మన ఎండలకు అది పనికిరాదు. మట్టి గోడ తడిని లాగేసి గాలికి వదిలేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లినా లోపల పొట్టు పొట్టుగా ఎండిపోతుంది. నేలలో గుంత తీసే పద్ధతి మెట్ట పొలాల్లో బాగుంటుంది. కానీ మన దగ్గర వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అదీ తుఫానులతో. అప్పుడు ఇంటి పెరట్లోని గుంత నీటి మడుగవుతుంది. ప్లాస్టిక్ డ్రమ్మే సరైనది.

చోటు సంగతి ఒక్క మాటలో: నీడ. ఇంటికి ఉత్తరం వైపు గోడ వారగానో, చెట్టు కిందనో పెట్టండి. డాబా మీద వద్దు. రేకుల పంచ కింద అసలే వద్దు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదింటికి కూడా చల్లారదు.

డ్రమ్ము నింపడం

అడుగున బెత్తెడు మందాన కొబ్బరి పీచు గానీ, చిన్న పుల్లలు గానీ వేయండి. దానిపైన ప్రతిరోజూ ఒక డబ్బా తడిచెత్త, అదే డబ్బాతో రెండు డబ్బాల పొడి సరుకు. ఎండుటాకులు, వరిగడ్డి ముక్కలు, వేరుశనగ పొట్టు, చెరకురసం బండి దగ్గర దొరికే ఎండిన పిప్పి, ఏదైనా పొడి సరుకే. చివికించే సూక్ష్మజీవులకు నత్రజని ఒక వంతుకు కర్బనం ముప్పై వంతుల దాకా ఉండాలి. తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఎండుటాకులో కర్బనం ఎక్కువ. అందుకే ఈ లెక్క. సముద్రం వైపు ఊళ్లలో సరుగుడు ఆకు కుప్పలుగా దొరుకుతుందని అదొక్కటే నింపేస్తారు. అది చివకడానికి చాలా కాలం పడుతుంది. పావు వంతుకు మించి వేయకండి.

మొదటిసారి రెండు దోసిళ్ల పాత పశువుల ఎరువు చల్లితే చాలు, కావలసిన సూక్ష్మజీవులన్నీ అందులోనే ఉన్నాయి. డబ్బాల్లో అమ్మే పొడులు, బెల్లం నీళ్లు, పుల్లమజ్జిగ ఏవీ అక్కర్లేదు. బెల్లం నీళ్లు చల్లిన డ్రమ్ముకు నేను చూసిన ప్రతిచోటా చీమలు పట్టాయి.

నాలుగు రోజులకొకసారి కర్రతో కింది నుంచి పైకి తిరగేయండి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే గాలి ఆడటం లేదని అర్థం. తిరగేసి పొడి సరుకు కలపండి. ముక్కు మండే ఘాటు వస్తే తడిచెత్త ఎక్కువైంది. అప్పుడూ మందు అదే. లావుపాటి బూడిదరంగు పురుగులు కనిపిస్తే చాలామంది హడలిపోయి డ్రమ్మంతా దులిపేస్తారు. అవి ఒక రకం ఈగ పిల్లలు. చెత్తను తినిపెడతాయి, మనకు ఏ హానీ చేయవు. వండిన అన్నం, కూర ఎక్కువ వేస్తున్నారని మాత్రం చెబుతున్నాయి.

మా ఇంట్లో నలుగురం. ఒక డ్రమ్ము నిండటానికి నెలా పది రోజులు పడుతుంది. అది నిండగానే రెండోది మొదలుపెడతాం. నిండిన దాన్ని మరో ఇరవై అయిదు, ముప్పై రోజులు తిరగేస్తూ ఉంచితే తొక్కలు గుర్తుపట్టలేనంతగా మెత్తబడి ముదురు గోధుమరంగులోకి వస్తాయి. ఎర్రలకు కావలసింది ఈ దశలో ఉన్న సరుకే. ఎర్రలు వద్దనుకుంటే ఇంకో రెండు నెలలు ఉంచండి, అదే మంచి ఎరువు.

వేయకూడనివి

చేపల పొలుసు, పేగులు, రొయ్య తలలు డ్రమ్ములోకి రాకూడదు. నెల్లూరు, ప్రకాశం ఇళ్లలో వారానికి రెండుసార్లయినా చేపల పులుసు ఉంటుంది కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. పందికొక్కులు ప్లాస్టిక్‌ను కూడా కొరికి లోపలికి వస్తాయి. చేపల చెత్తను మూరెడు లోతున కొబ్బరిచెట్టు దగ్గర పాతిపెట్టండి.

ఊరగాయ, ఉప్పుచేప, ఉప్పు వేసి ఉడికించిన ఏ వంటకమైనా ఎర్రల తొట్టికి విషంతో సమానం. ఎర్ర చర్మంతోనే ఊపిరి తీసుకుంటుంది. ఉప్పు ఆ చర్మంలోని తడిని లాగేస్తుంది. నిమ్మ తొక్కలదీ దాదాపు అదే బాధ. పొదలకూరు వైపు బంధువులున్న ఇళ్లకు నిమ్మకాయలు సంచులతో వస్తాయి, పచ్చడి పెట్టిన మర్నాడు పిప్పి, తొక్క అంతా తొట్టిలో పడుతుంది. పులుపు పెరిగితే ఎర్రలు గోడలెక్కుతాయి. డ్రమ్ములో రోజుకు రెండు మూడు తొక్కలు పరవాలేదు, తొట్టిలోకి నేరుగా ఒక్కటీ వద్దు. చింతపండు పిప్పికీ ఇదే నియమం.

ఇంకో హెచ్చరిక పొగాకు పండే ఊళ్లవాళ్లకు. టంగుటూరు, కందుకూరు చుట్టుపక్కల పొగాకు కాడలు, ఆకు తుక్కు ఉచితంగా దొరుకుతాయి, పొడి సరుకుగా బాగుంటాయనిపిస్తుంది. పొగాకులోని నికోటిన్ పురుగుల్ని చంపే పదార్థం. ఎర్రల్నీ చంపుతుంది. ఎర్రలున్న ఇంటి డ్రమ్ములోకి పొగాకు తుక్కు పిడికెడు కూడా రానివ్వకండి.

ఏ ఎర్రలు?

గాలానికి గుచ్చడానికి కాలవ గట్టున తవ్వే ఎర్రలు ఈ పనికి రావు. అవి నేల లోపల మట్టిలో బొరియలు చేసుకుని బతికేవి. తొట్టిలో వేస్తే పారిపోతాయి, లేదా చస్తాయి. మనకు కావలసినవి నేల పైపొరలో, చివికిన ఆకులో, పెంటలో బతికేవి. అమ్మేవాళ్ల దగ్గర ఎక్కువగా రెండు రకాలు ఉంటాయి. ఒంటిమీద లేత పసుపు చారలున్న ఐసీనియా ఫెటిడా ఒకటి. పొడవుగా, ఊదారంగు మెరుపుతో ఉండే యూడ్రిలస్ యూజీనియే రెండోది. మొదటిదానికి 15 నుంచి 25 డిగ్రీలు హాయి, 35 దాటితే ప్రాణాపాయం. రెండోది ఆఫ్రికా ఉష్ణప్రాంతాల నుంచి వచ్చింది, 25 నుంచి 30 డిగ్రీల మధ్య చక్కగా పెరుగుతుంది. మన రెండు జిల్లాలకు యూడ్రిలస్ తప్ప వేరేది తీసుకోకండి. నెల్లూరులోనూ, దర్శిలోనూ కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. ఎర్రల గురించి అక్కడి వాళ్లను అడిగి కొనడం మేలు. నేను చెప్పిన తొట్టికి అర కిలో చాలు. ఆగస్టులోనో, జనవరిలోనో కొనండి. మే నెలలో కొనకండి.

ఎర్రల్ని వదలడం

ఇప్పటిదాకా చెప్పిన వాటిలో చిన్న పొరపాట్లు జరిగినా సర్దుకోవచ్చు. ఇక్కడ జరిగితే సర్దుకోవడం ఉండదు. అందుకే ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. ఎర్రల్ని ఇంటికి తెచ్చే రోజుకు కనీసం వారం ముందు ఈ పని మొదలుపెట్టాలి. ఎర్రల సంచి చేతిలో పట్టుకుని తొట్టి సిద్ధం చేసేవాళ్లకే నష్టం జరుగుతుంది.

మొదట పడక. డ్రమ్ములో సగం చివికిన సరుకు రెండు వంతులు, నానబెట్టి పిండిన కొబ్బరి పొట్టు ఒక వంతు, పాత పేడ ఒక వంతు కలిపి తొట్టిలో జానెడు ఎత్తున పరవండి. పేడ కనీసం ఇరవై రోజుల పాతదై ఉండాలి. ఒంగోలు గిత్త పేడ అయినా, సంకర జాతి ఆవు పేడ అయినా ఎర్రకు తేడా లేదు. పాతదా, పచ్చిదా అన్నదే తేడా. పచ్చి పేడ వేడెక్కుతుంది, అందులోంచి వచ్చే అమ్మోనియా ఎర్ర చర్మాన్ని కాలుస్తుంది. పశువుకు ఈమధ్య నట్టల మందు తాగించారేమో కూడా అడగండి. తాగిస్తే ఆ పేడ తీసుకోకండి.

కొబ్బరి పొట్టు విషయంలో నాకు తగిలిన దెబ్బ చెబుతాను. మూడో ఏడాది అనుకుంటాను, రెండో తొట్టి పెట్టాను. పడక రంగు, మెత్తదనం అన్నీ బాగున్నాయి. అంతకుముందు రెండుసార్లు సవ్యంగా జరిగింది కదా అని పరీక్ష చేయకుండా అర కిలో ఎర్రల్ని వదిలాను. తెల్లారేసరికి సగం గోడలెక్కి ఉన్నాయి, మిగతా సగం పడక మీదే వాడిపోయి పడి ఉన్నాయి. వేడి లేదు, కంపు లేదు. చివరికి మిగిలిన కొబ్బరి పొట్టు నానబెట్టి ఆ నీటిని నాలుక మీద వేసుకుంటే ఉప్పగా తగిలింది. పీచు తీసేటప్పుడు కొబ్బరి డొక్కల్ని ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టే చోట్లుంటాయి, ఆ ఉప్పు పొట్టులో మిగిలిపోతుంది. అప్పటి నుంచి కొబ్బరి పొట్టును రెండుసార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండకుండా నేను వాడను. మీరూ వాడకండి. సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో చాలా బోర్ల నీళ్లు కూడా ఉప్పగానే ఉంటాయి. అలాంటి చోట పడకకు వాననీళ్లు గానీ, ఏసీ నుంచి కారే నీళ్లు గానీ పట్టి వాడండి. మున్సిపాలిటీ కుళాయి నీళ్లయితే ఒక రాత్రి బకెట్లో మూత లేకుండా ఉంచితే క్లోరిన్ పోతుంది.

పడక పరిచాక తడి గోనె కప్పి అయిదు రోజులు ఆగండి. రోజుకొకసారి చేత్తో కలపండి. ఈ అయిదు రోజులే అందరూ ఎగ్గొడతారు. సగం చివికిన సరుకును కదిపి గాలి తగిలిస్తే అది మళ్లీ ఒకసారి వేడెక్కుతుంది. పెద్ద కంపోస్టు కుప్పలో వేడి 60 డిగ్రీలకు చేరగలదు. జానెడు పడకలో అంత రాదు కానీ, ఎర్రను చంపడానికి నలభై చాలు. ఆ వేడి వచ్చి పోవాలి.

ఆరో రోజు సాయంత్రం మూడు చూడండి.

వేడి. ఒకే రకం ఇనుప ఊచలు రెండు తీసుకోండి. ఒకటి పడక మధ్యలో గుచ్చండి, ఇంకొకటి పక్కనే నీడలో నేలమీద పెట్టండి. పది నిమిషాల తర్వాత రెండింటినీ చెరో చేత్తో పట్టుకోండి. పడకలోది రెండోదానికంటే చల్లగా ఉండాలి, తడి సరుకు కాబట్టి. సమానంగా ఉంటే ఇంకో రెండు రోజులు ఆగండి. వెచ్చగా ఉంటే వారం ఆగండి. పైపైన చెయ్యి పెట్టి చల్లగానే ఉందనుకోకండి. వేడి నడుమనే దాగి ఉంటుంది.

తడి. పిడికెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే నీళ్లు ఎక్కువ, ఎర్రకు గాలి అందదు. ఒక్క చుక్కా రాకపోతే చర్మం ఎండి ఊపిరాడదు. డ్రమ్ములోని కంపోస్టుకు ఇంత తడి అక్కర్లేదు, పిండితే ముద్దగా నిలబడి చెయ్యి తడిస్తే చాలు. ఈ రెండు తడులూ ఒకటేనని చాలామంది అనుకుంటారు, కాదు.

వాసన. తొలకరి పడ్డప్పుడు నేల నుంచి వచ్చే వాసన రావాలి. పులుపు తగిలితే గుడ్డుపెంకుల పొడి రెండు పిడికిళ్లు కలిపి మూడు రోజులు ఆగండి. ముక్కు మండితే మళ్లీ అయిదు రోజులు.

మూడూ సరిపోయినా అన్ని ఎర్రల్నీ వదలకండి. ముందు పది మాత్రమే. ఎర్రల్ని తెచ్చిన సాయంత్రం, వాటితో వచ్చిన పాత సరుకులోనే మిగతావాటిని నీడలో, గోనె కప్పి ఉంచండి. పదింటిని పడక మధ్యలో పెట్టి మూత వేయండి. పూర్తిగా ఒక రోజు గడిచాక చేత్తో మెల్లగా తవ్వి వెతకండి. పడక లోపల, నిగనిగలాడుతూ, ముట్టుకుంటే చటుక్కున ముడుచుకుంటూ పదీ కనిపిస్తే పడక బాగుంది. గోడల మీద కనిపిస్తే ఏదో బాగాలేదు. ఒళ్లు అక్కడక్కడా ముడులు కట్టినట్టు ఉబ్బితే సరుకు పులిసిందని తెలుసుకోండి. దారంలా సాగి కదలకపోతే వేడో, ఉప్పో. పది ఎర్రల నష్టంతో మిగతావన్నీ దక్కాయి. పడకంతా డ్రమ్ములోకి తిరిగి వేసి మళ్లీ మొదలుపెట్టండి. ఒక రోజు ఆగలేక నేను పోగొట్టుకున్న అర కిలో ఎర్రలు ఇంకా నా కళ్ల ముందే ఉన్నాయి.

పరీక్ష నెగ్గితే మర్నాడు సాయంత్రం మిగతావాటిని వదలండి. పాతిపెట్టకండి. పడక మీద పలచగా పరిచి, వెలుతురులో వదిలేయండి. వెలుతురు వాటికి పడదు కాబట్టి ఆరోగ్యంగా ఉన్నవి పావుగంటలో లోపలికి దిగిపోతాయి. పావుగంట తర్వాత కూడా పైన మిగిలిన వాటిని ఏరి తీసేయండి. అవి చచ్చి తొట్టిని పాడు చేస్తాయి. మొదటి మూడు రాత్రులు తొట్టిపైన చిన్న బల్బు వెలిగించి, మూత తీసి ఉంచండి. కొత్త చోట రాత్రిపూట పారిపోవడం యూడ్రిలస్‌కు అలవాటు. దీపముంటే పైకి రాదు. ఆ తర్వాత గోనె కప్పేయండి. మొదటి అయిదు రోజులు మేత ఏమీ వేయకండి, పడకలోనే వాటికి తిండి ఉంది.

మేత

ఎర్ర రోజుకు తన బరువులో సగం దాకా తినగలదని అంటారు. నిజమే, కానీ స్థిరపడ్డాక. మొదటి నెల అర కిలో ఎర్రలకు రోజుకు నూరు గ్రాములకు మించి వేయకండి. అదీ డ్రమ్ములో సగం చివికిన సరుకే, తొట్టిలో ఒక మూలన మాత్రమే. ఆ మూల ఖాళీ అయ్యాక పక్క మూల. నెల తర్వాత పావు కిలో దాకా పెంచవచ్చు. వేసింది మూడు రోజులైనా అలాగే ఉంటే వేయడం ఆపండి.

చీమలు ఎక్కకుండా తొట్టిని నాలుగు ఇటుకల మీద ఎత్తి, ఒక్కో ఇటుకను నీళ్లున్న పళ్లెంలో పెట్టడం కంటే, తొట్టి మూలలకు చెక్క కాళ్లు అమర్చి నీళ్లు పోసిన కొబ్బరి చిప్పల్లో నిలబెట్టడం నయం. ఇటుక నీళ్లు పీల్చేస్తుంది. ఆ ఇటుకల్ని డ్రమ్ముల కింద వాడండి. చీమలు పట్టాయంటే పడక ఎండిందని కూడా అర్థం.

తొట్టి కింద కారే నల్లటి నీళ్లను వర్మీవాష్ (ఎర్రల నుంచి తీసే ద్రవ ఎరువు) అని సీసాల్లో పట్టి దాచుకుంటారు. అది వర్మీవాష్ కాదు, మీరు ఎక్కువగా పోసిన నీళ్లు. పదింతల నీళ్లు కలిపి చెట్ల మొదట్లో పోయండి, ఆకుల మీద చల్లకండి. మర్నాటి నుంచి నీళ్లు తగ్గించండి.

రోహిణి కార్తె, తుఫాను

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఎర్రల తొట్టికి ఏడాదిలో అదే గడ్డుకాలం. పడమటి నుంచి వడగాలి వీచే రోజుల్లో గోనెను మూడుపూటలా తడపండి. పొడి గాలికి ఆ తడి ఆరుతూ తొట్టిని చల్లబరుస్తుంది. సముద్రపు గాలి తిరిగి ఉక్కపోసే రోజుల్లో గోనె అంతగా పనిచేయదు. అప్పుడు ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన లీటరు నీళ్ల సీసాను మధ్యాహ్నం పడక మీద ఒక పక్కగా పడుకోబెట్టండి. ఎర్రలు దాని చుట్టూ చేరతాయి. మే నెలంతా మేత సగానికి తగ్గించండి. చివికే సరుకు ఎంత తక్కువుంటే వేడి అంత తక్కువ.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజే తొట్టిని వరండాలోకి మార్చండి. పడకలో నీళ్లు నిలిస్తే ఎర్రలు ఒక్క రాత్రిలో ఖాళీ చేసి వెళ్లిపోతాయి. డ్రమ్ముల మూతల మీద రాయి పెడితే చాలు.

ఎరువు తీయడం

రెండు నెలలకు పడక టీపొడిలా నల్లగా, పలుకులుగా మారుతుంది. నాలుగు రోజులు నీళ్లు ఆపండి. తర్వాత నీడలోనే, వెలుతురు తగిలే చోట పాత గుడ్డ మీద చిన్న చిన్న కుప్పలుగా పోయండి. గంటకు ఎర్రలు కుప్ప అడుక్కు చేరతాయి. పైనుంచి పొరలు పొరలుగా తీసి జల్లించండి. జల్లెడలో ఆవగింజ కంటే కాస్త పెద్దగా గింజల్లాంటివి మిగులుతాయి. అవి ఎర్రల గుడ్లు. ఒక్కోదాంట్లో ఒకటికి మించి పిల్లలుండవచ్చు. చెత్త అనుకుని పారేయకండి, ఎర్రలతోపాటు కొత్త పడకలో వేయండి. ఈ కొత్త పడకకూ అయిదు రోజుల ఆగడం, పది ఎర్రల పరీక్ష తప్పవు.

తీసిన ఎరువును ఎండలో పెట్టకండి. నీడలో ఆరబెట్టి, గాలి ఆడే గోనె సంచిలో, కొద్దిగా చెమ్మ ఉండగానే నిల్వ చేయండి. కరివేపాకు, మల్లె కుండీలకు నెలకు రెండు పిడికిళ్లు. గోంగూర మడికి విత్తే ముందు చదరపు అడుగుకు ఒక పిడికెడు చల్లి, పైపైన మట్టిలో కలిపి నీళ్లు పెట్టండి.